మార్చురీలో చోటు చాలకపోతే? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

రికార్డుల_గది: మా మార్చురీలో ఉన్నవి 12 అరలే. మళ్లీ 2020 లాంటిది వస్తే ఏం చేస్తామో ప్లాన్ రాసి ఇమ్మన్నారు. అదనపు చోటు, బ్యాగులు, మనుషులు, రిజిస్టరు, బంధువులకు చూపించడం, అన్నీ రాయాలట. అప్పుడు పనిచేసినవాళ్లు చెప్పండి.

రాత్రిషిఫ్టు: చోటు సంగతి తర్వాత, ముందు ట్యాగులు చూసుకోండి. మావాళ్లు బ్యాగు మీద పెన్నుతో పేరు రాశారు. చెమ్మకి సిరా కారిపోయింది. ఒకే ఇంటిపేరున్నవాళ్లు ఇద్దరు. ముఖం చూపిస్తేగానీ తీసుకోనని కొడుకు మొండికేశాడు కాబట్టి బతికిపోయాం. ఒంటికి ఒక ట్యాగు, బ్యాగుకి ఒకటి. రెండూ రిజిస్టరుతో సరిపోలాకే ఇవ్వాలి.

కూలింగ్_మెకానిక్: 18 ఏళ్లుగా నాది ఇదే పని. రీఫర్ కంటెయినర్, అదే కూలింగ్ మెషీన్ ఉన్న పెద్ద ఇనుప పెట్టె, తెప్పించి మైనస్ 20లో పెట్టేయండి. దిగులుండదు.

పీఎం_డ్యూటీ: ఇలాంటి సలహాలే మా ప్రాణం తీసేది. గడ్డకట్టిన శవానికి పోస్టుమార్టం చేయాలంటే ముందు కరగాలి, ఈలోపు కణజాలం పాడవుతుంది. కొద్దిరోజులకైతే 4 డిగ్రీలు చాలు.

కూలింగ్_మెకానిక్: 4 డిగ్రీల్లో కుళ్లడం ఆగదు సార్, నెమ్మదిస్తుందంతే. అయినా జబ్బుతో పోయినవాళ్లకి పోస్టుమార్టం ఎందుకు?

పీఎం_డ్యూటీ: మహమ్మారి వచ్చిందని యాక్సిడెంట్లు, అనుమానపు చావులు ఆగుతాయా? కొద్దిరోజులకనే కదా రాశాను. చదివి మాట్లాడండి.

వార్డు_అక్క: మీ డిగ్రీలు పక్కన పెట్టండి బాబూ. మోసేవాళ్లేరీ? ముట్టుకుంటే అంటుకుంటుందని మా దగ్గర సగం మంది రాలేదు. నేనూ ఇంకొకామె కలిసి ఎత్తాం. నడుం ఇప్పటికీ నొప్పే.

పీఎం_డ్యూటీ: ఆ భయం పోగొట్టడం కూడా ప్లాన్‌లో ఉండాలి. ఎబోలా, మార్‌బర్గ్ లాంటివి, కలరా మినహాయిస్తే శవాల నుంచి సాధారణంగా అంటదని 2020 మార్చిలోనే డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. గ్లౌజులు, గౌను వేసుకోవాలి, ఒంట్లోంచి కారేవాటితో జాగ్రత్తగా ఉండాలి.

వార్డు_అక్క: చెప్పడం తేలికే. ఆ గ్లౌజులే లేవు అప్పుడు.

రాత్రిషిఫ్టు: కంటెయినర్ అన్నవాళ్లకి ఒక మాట. మాకూ వచ్చింది, లోపల అరలు లేకుండా. నేల మీద వరుసగా పడుకోబెట్టాం. వెనకాల ఉన్నవాళ్లని తీయాలంటే ముందున్నవాళ్లందరినీ జరపాలి. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

కూలింగ్_మెకానిక్: అరలు కొట్టించుకోవాలి మరి, అదీ నడుం ఎత్తు దాటకుండా. ఇంకోటి. రీఫర్ ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుందంతే, వేడిగా ఉన్నదాన్ని గబగబా చల్లార్చలేదు. అన్నీ ఒకేసారి నింపి, గంటకోసారి తలుపు తీస్తూ, మెషీన్ బాలేదని నాకు ఫోన్ చేస్తే నేనేం చేయను?

పీఎం_డ్యూటీ: ఇప్పుడు పనికొచ్చే మాట చెప్పారు.

కూలింగ్_మెకానిక్: ఇందాకటిదీ పనికొచ్చేదే సార్. వారాల తరబడి ఉంచాల్సి వస్తే ఏం చేస్తారో చెప్పనేలేదు మీరు.

రికార్డుల_గది: ఇంతకీ 4 అని రాయనా, మైనస్ 20 అని రాయనా? బంధువుల సంగతి ఎవరూ చెప్పలేదు. రేపు పొద్దున్నే ఇవ్వాలి.