బళ్లో బాత్రూములు ఉన్నా ఎప్పుడూ తాళమే, ఎట్ల తెరిపించాల?

పెన్నాఒడ్డు:
అందరికీ నమస్తే. మాది తాడిపత్రి పక్కన పల్లె, మా పాప రెండో తరగతి, ఊర్లో ప్రైమరీ స్కూల్లోనే చదువుతాంది. ఈసారి నన్ను పేరెంట్స్ కమిటీలో వేసినారు, అందుకే అడుగుతాండా. బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో బాత్రూములు బాగానే కట్టినారు, టైల్సు, ట్యాపులు, చేతులు కడుక్కునే బేసిన్లు అన్నీ ఉండాయి, కానీ ఎప్పుడు చూసినా తాళం. సార్‌ని అడిగితే, సాయంత్రమైతే బయటోళ్లు గోడ దూకొచ్చి తాగి ట్యాపులు ఇరగ్గొట్టి పోతాండారమ్మా, నేనేం చేయాల అంటాడు. బాత్రూములు కడిగే ఆయమ్మకి జీతం నెలల తరబడి రాలేదంట, ఆమెను గట్టిగా అడగాలన్నా నోరు రాదు. మగపిల్లోళ్లు గోడ ఎనక్కి పోతారు, ఆడపిల్లలు మాత్రం పొద్దున్నించి నీళ్లు తాగకుండా బిగబట్టుకుని ఇంటికి పరిగెత్తుకొస్తారు. పాపకి మూత్రం మంట అని ఆస్పత్రికి తీసకపోతే డాక్టరమ్మ మొదట అడిగిందే బళ్లో బాత్రూమ్‌కి పోతావా అని. సార్‌తో గొడవ కాకుండా చెప్పండి.

చాక్‌పీస్:
అమ్మా, నేను కళ్యాణదుర్గం వైపు హెచ్‌ఎంని. తాళం వేయడం తప్పే, కానీ ఎందుకేస్తారో మీరే రాసినారు. డబ్బులే లేవు అంటే మాత్రం పూర్తిగా నమ్మొద్దు. పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే తల్లికి వందనం 15,000 అన్నారు, మీ అకౌంట్లో పడింది 13,000 గదా, ఆ 2,000 బడి, బాత్రూముల మెయింటెనెన్స్ పేరు మీద ఆపిందే. బడి ఖర్చులకి ఏటా ఇచ్చే సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంట్ వేరే, 30 మంది దాకా ఉంటే ఏడాదికి 10,000, 100 దాకా ఉంటే 25,000, అందులో కనీసం పది శాతం శుభ్రతకే పెట్టాలని రూలు. అవి టైంకి పడతాయా అనేది వేరే కథ, మొదలుపెడితే తెల్లారుతుంది. విద్యా హక్కు చట్టం 2009 ప్రకారం గ్రాంట్ల ఖర్చు చూసుకోవడం కమిటీ పనే, కాబట్టి ఎంత పడింది, దేనికి పెట్టినారు అని మీటింగులో రిజిస్టర్ అడగొచ్చు, ఎవరూ కాదనలేరు.

సీమకుర్రోడు:
మీటింగులు, రిజిస్టర్లు అంటే ఇంకో ఏడాది పోతాది అక్కా. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చి పారెయ్, వారంలో తాళం తెరుస్తారు.

చాక్‌పీస్:
తెరుస్తారప్పా, ఫోటో తీసి పంపి మళ్లా వేస్తారు. ఆ అర్జీ తిరిగి తిరిగి వచ్చేది అదే సార్ టేబుల్ మీదకే. రాత్రి గోడ దూకేటోళ్లు ఊరోళ్లే గదా, వాళ్లని ఆపగలిగేది ఊరే. కమిటీలో తీర్మానం రాసి సర్పంచ్‌తో సంతకం పెట్టించి, గేటు దగ్గర ఒక లైటు వేయించండి. మా బళ్లో సగం బెడద లైటుతోనే పోయింది. బడి టైములో తెరిచి, సాయంత్రం ఆయమ్మ తాళం వేస్తే చాలు.

తెల్లకోటు:
నేను ఏఎన్ఎంని, వేరే విషయం చెప్తా. తెరిచినాక కడిగేటప్పుడు యాసిడూ బ్లీచింగూ కలిపి పోయనీయొద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తాది, తలుపులు మూసిన చిన్న బాత్రూములో ఊపిరాడదు. ఆయమ్మలకి ఇది ఎవరూ చెప్పరు, తెల్లగా అయితాదని రెండూ పోస్తారు పాపం. ఇంకోటి, తాగే నీళ్ల ట్యాంకులో బ్లీచింగ్ వేస్తే క్రిములు పోతాయి గానీ ఫ్లోరైడ్ పోదు, కాగబెట్టినా పోదు. మన జిల్లాలో బోరు నీళ్లయితే ఒకసారి టెస్టు చేయించండి, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లోళ్ల పళ్లకీ ఎముకలకీ మంచిది కాదు.

బోరుమెకానిక్:
మోటారు స్విచ్ ఎక్కడుందో చూడు అక్కా. చాలా బళ్లలో పిల్లోళ్ల చేతికందే ఎత్తులో ఉంటాది, పక్కనే తడి. పైకి మార్పించి ఎర్తింగ్ చూసుకొని, కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే ఆర్‌సీసీబీ 30 మిల్లీయాంప్స్‌ది పెట్టించు. ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని.

పెన్నాఒడ్డు:
అందరికీ థాంక్స్. స్విచ్ నిజంగానే కిందే ఉండాది అన్నా, నేను ఎప్పుడూ గమనించలేదు. సార్‌ని అడిగితే ఈ శనివారం మీటింగ్ పెడతా అన్నాడు, గేటు లైటుకి సర్పంచ్ సరే అన్నాడు, ఆయమ్మ జీతం సంగతి కూడా తీర్మానంలో రాయిస్తాం. ఇరిగిన ట్యాపులు మార్చాల, ఇత్తడివి కొనాల్నా ప్లాస్టిక్‌వి కొనాల్నా?

బోరుమెకానిక్:
ప్లాస్టిక్‌వే కొను, ఇత్తడివైతే రాత్రికి రాత్రి పాతసామాన్ల అంగడికి పోతాయి. రెండు ఎక్స్‌ట్రా తెచ్చి బీరువాలో పెట్టుకోండి.