రూమ్‌మేట్‌పై లైంగిక దాడి జరిగింది, ముందు ఏం చేయాలి?

ప్రశ్న:
పేరు లేకుండా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నిన్న రాత్రి మా రూమ్‌మేట్‌పై లైంగిక దాడి జరిగింది. చేసింది బాగా తెలిసిన సీనియరే. తెల్లవారుజామున నాలుగింటికి గదికొచ్చి స్నానం చేసి, తడి జుట్టుతోనే గోడవైపు తిరిగి పడుకుంది. ‘ఇంట్లో చెప్పకు, పోలీసులు వద్దు’ అన్న రెండు మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడటం లేదు. బట్టలు బకెట్లో నానబెట్టబోతే లాక్కుని పక్కన పెట్టాను. అది తప్పో ఒప్పో కూడా తెలియదు. ఇప్పటికి పన్నెండు గంటలైంది. నెట్‌లో చూస్తుంటే టెన్షన్ ఇంకా పెరుగుతోంది.

జవాబు (ఎమర్జెన్సీ విభాగం నర్సు):
ముందు ఒక్క మాట తల్లీ. ఫిర్యాదు వేరు, వైద్యం వేరు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది తను నిదానంగా ఆలోచించుకోవచ్చు. మందులు మాత్రం అంతవరకు ఆగవు. పోలీసులు వద్దన్నంత మాత్రాన ఆసుపత్రి మానుకోకండి. కొన్నిచోట్ల ఇలాంటి కేసు వస్తే ఆసుపత్రివాళ్లు పోలీసులకు తెలియజేయాలన్న నిబంధన ఉంటుంది. అందుకే వివరాలు చెప్పకముందే ‘ఇది ఎవరెవరికి తెలుస్తుంది?’ అని అడిగేయండి.

అన్నిటికన్నా తొందరైనది హెచ్‌ఐవీ రాకుండా వాడే మందు. 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. 28 రోజులు మానకుండా వాడాలి. కొందరికి వికారంగా ఉంటుంది, అలాగని మధ్యలో ఆపేయొద్దు, డాక్టరుకు చెబితే దానికీ మందిస్తారు. గర్భం రాకుండా వేసుకునే మాత్రకు అయిదు రోజుల దాకా అవకాశం ఉన్నా, ఆలస్యమయ్యే కొద్దీ పని తగ్గుతుంది. అయిదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే ఇంకా గట్టి రక్షణ. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లో వాంతైతే మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు. గనేరియా, క్లమీడియా లాంటి లైంగికంగా సోకే జబ్బులకు యాంటీబయాటిక్స్, ఇంతకుముందు వేయించుకోకపోతే హెపటైటిస్-బి టీకా, గాయాలుంటే ధనుర్వాతం రాకుండా టీటీ కూడా ఇస్తారు.

ఒకటి మాత్రం తప్పకుండా అడగండి: గొంతు పట్టుకున్నాడా? బయటికి మచ్చ కనిపించకపోయినా గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, తలనొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దు.

బట్టలు నానబెట్టకుండా ఆపడం మంచిదే. ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమ్మకు బూజు పడుతుంది. ఒక్కోటీ విడివిడిగా కాగితం సంచిలో పెట్టండి. తాగేదాంట్లో ఏదైనా కలిపారన్న అనుమానం ఉంటే మూత్రం పరీక్ష గురించి వెళ్లగానే చెప్పండి, ఆ ఆనవాళ్లు త్వరగా పోతాయి.

ప్రశ్న వేసినవారు:
అక్కా, థాంక్స్. ‘స్నానం చేసేశాను, ఇక వెళ్లి ఏం లాభం? అరవలేదు కూడా, ఎవరు నమ్ముతారు?’ అంటోంది. పరీక్ష అంటేనే వణికిపోతోంది.

జవాబు (అదే నర్సు):
స్నానం చేసినా ఆధారాలు దొరకొచ్చు. దొరక్కపోయినా మందులు మందులే కదా. పరీక్షలో ప్రతి అడుగుకూ తన అనుమతి అడగాలి. ఒకదానికి సరే అని, ఇంకోదానికి వద్దు అనొచ్చు. మధ్యలో ఆపమనొచ్చు, మిమ్మల్ని పక్కనే ఉండమనొచ్చు. మందులు మాత్రమే చాలు, ఆధారాల సేకరణ వద్దు అన్నా చికిత్స ఆపకూడదు. ‘కన్యత్వ పరీక్ష’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దానికి శాస్త్రీయ ఆధారం లేదని, దాన్ని ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది.

జవాబు (కాలేజీ కౌన్సెలర్):
అరవకపోవడం ఒప్పుకోవడం కాదు. భయం ముదిరినప్పుడు ఒళ్లు కొయ్యబారిపోతుంది, గొంతు పెగలదు. అది మనం ఎంచుకునేది కాదు, శరీరం తనంతట తాను చేసే పని. ఈ మాట తనకు ఒక్కసారి చెప్పండి చాలు, ఉపన్యాసం వద్దు. ‘అంత రాత్రి ఎందుకు వెళ్లావ్’ అని నోరు జారకండి. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించాలనీ చూడకండి. ఇంకోటి, మీరు బట్టలు లాక్కున్నారు. ఉద్దేశం మంచిదే, కానీ రాత్రి తన మాట వినని మనిషి ఒకడున్నాడు కదా. అందుకే ఇక నుంచి ఏది చేసినా అడిగి చేయండి. నీళ్లు ఇవ్వనా, లైటు ఆపనా అనైనా సరే. పరీక్షల వాయిదా, గది మార్పు లాంటివి కాలేజీతో మాట్లాడొచ్చు, అదీ తను సరేనంటేనే.

జవాబు (ఒక విద్యార్థి):
నేను అబ్బాయిని. నాకూ జరిగింది. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. అబ్బాయికి డాక్టరు దగ్గరేం పని అనుకున్నాను, అది నా తెలివితక్కువ. 72 గంటలు దాటిపోయినవాళ్లు కూడా వెళ్లండి. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఎలాగూ ఆరు వారాలకు, మూడు నెలలకు మళ్లీ చేస్తారు. నాకు నిద్ర తిరిగి పట్టింది థెరపీ మొదలుపెట్టాకే.

ప్రశ్న వేసినవారు:
ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ‘నువ్వూ లోపలికి వస్తావా’ అని తనే అడిగింది. గొంతు పట్టుకోలేదట. మందులన్నీ ఇచ్చారు, ఆధారాలు కూడా తీసుకోమంది. ఫిర్యాదు సంగతి నేను ఎత్తలేదు. మొదటి మాత్ర ఇక్కడే వేసుకుంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి 28 రోజులూ నా ఫోన్లో కూడా అలారం పెట్టమంది.