అప్‌డేట్: నాయన స్మార్ట్‌వాచ్‌లో ఆక్సిజన్ 88 – కారణం తెలిసింది

అలిపిరి మెట్లెక్కాలనుకుంటున్న మా నాయనకు రాత్రిపూట వాచ్‌లో రక్తంలోని ఆక్సిజన్ 88 శాతమే అని వస్తోంది, కొండకు నడిచి వెళ్లడం మానుకోవాలా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

'వాచ్‌ను నమ్మొద్దు, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌తో చూపించండి' అన్న సలహానే పనిచేసింది. తిరుపతిలో డాక్టరు వేలికి పెట్టి చూస్తే 97. ఈసీజీ కూడా బాగానే ఉంది. గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగుతుందా అని అమ్మను గుచ్చి గుచ్చి అడిగారు, అవేమీ లేవు. వాచ్ ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతిని చర్మంలోకి పంపి, తిరిగొచ్చిన వెలుతురును బట్టి లెక్క కడుతుందట. బెల్టు వదులైనా, చెయ్యి కదిలినా, ఒంటి కింద నలిగినా అంకె తప్పొచ్చు. నాయన బెల్టు గాజులా జారుతూ ఉండేది, పైగా ఆ చెయ్యే తలకింద పెట్టుకుని పడుకుంటారు. బిగించి కట్టాక 95 పైనే వస్తోంది.

యాప్ అప్‌డేట్, రీసెట్ వల్ల ఏ మార్పూ లేదు. కొండమీద ఆక్సిజన్ తగ్గుతుందని ఒకరు అన్నారు. తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లు కూడా లేదు, అయినా ఈ అంకె వచ్చింది కింద మా ఇంట్లోనే కదా!

ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే మాత్రం వాచ్ ఎంత బాగా చూపించినా వెంటనే రమ్మన్నారు డాక్టరు. నన్నడిగితే ఈ వాచ్ అడుగులు లెక్కపెట్టుకోవడానికి చాలు. మెట్లు ఆగి ఆగి ఎక్కమన్నారు. నాయనేమో వాచ్ ఇంట్లోనే వదిలేసి వస్తానంటున్నారు, కొనిచ్చిన చెల్లి ఒప్పుకోవడం లేదు.