1919లో జపాన్ అడిగింది సమానత్వమా, బేరమా?

రెండో_అటెంప్ట్
సివిల్స్‌లో నా ఆప్షనల్ పీఎస్ఐఆర్ (రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు). మాక్ టెస్టులో 15 మార్కుల ప్రశ్న: పారిస్ శాంతి సదస్సులో జపాన్ ప్రతిపాదన వీగిపోవడాన్ని ఏది బాగా వివరిస్తుంది, క్లాసికల్ రియలిజమా (దేశాలు శక్తి, ప్రయోజనాల కోసమే నడుస్తాయన్న వాదం), వలసానంతర వాదమా (వలస పాలన, జాతి వివక్ష లోకాన్ని ఇంకా నడిపిస్తున్నాయన్న వాదం)? నేను రెండోదని రాశాను. 4 మార్కులొచ్చాయి. పక్కన ఎర్ర ఇంకుతో "ఆవేశం ఎక్కువ".
విషయం తెలియనివాళ్ల కోసం: మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పెట్టిన నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) ఒడంబడికలో జాతి సమానత్వం చేర్చమని జపాన్ అడిగింది. ఏప్రిల్ 11న ఆ ఒడంబడిక రాస్తున్న కమిషన్‌లో 17 ఓట్లకు 11 అనుకూలంగా పడ్డాయి. కమిషన్ అధ్యక్ష స్థానంలో ఉన్న అమెరికా అధ్యక్షుడు విల్సన్ ఏకగ్రీవం కాదు కాబట్టి కుదరదన్నారు. నేనెక్కడ తప్పాను?

పాత_చాక్‌పీస్
4 వేసినవాడు ఉదారుడే నాయనా. ఆ రోజు ఎవరికేం కావాలో చూడు. ఆస్ట్రేలియా ప్రధాని హ్యూస్‌కి తెల్లవాళ్లు కానివాళ్లని రానివ్వని శ్వేత ఆస్ట్రేలియా విధానం కావాలి. బ్రిటన్‌కి ఆస్ట్రేలియా కావాలి. విల్సన్‌కి బ్రిటన్ కావాలి, సమితి కావాలి. జపాన్‌కి చైనాలో జర్మనీ వదిలిన షాన్‌డాంగ్ హక్కులు కావాలి. ఏప్రిల్ 30న అవి దాని చేతికొచ్చాయి. లెక్క సరిపోయింది. శక్తి రూపంలో నిర్వచించిన ప్రయోజనం అని రియలిజం పెద్ద మోర్గెంథావ్ చెప్పింది ఇదే.
ఇంకోటి. ఏప్రిల్ 11న ఓటింగ్‌కి పెట్టిన వాక్యంలో జాతి అన్న మాటే లేదు. దేశాల సమానత్వం, వాటి పౌరుల పట్ల న్యాయంగా వ్యవహరించడం, అంతే. లేని మాట మీద ఆరు పేజీలు రాస్తే మార్కులెక్కడివి?

హైవే65
17లో 11 మెజారిటీ కాదా? మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో కూడా చెల్లుతుంది 😂

తీరరేఖ
మాస్టారూ, ఆ మాట లేదంటున్నారు, ఎందుకు లేదో చెప్పలేదు. ఫిబ్రవరిలో పెట్టిన మొదటి ముసాయిదాలో జాతి, జాతీయత రెండూ ఉన్నాయి. ఒప్పుకోవట్లేదని జపాన్ ప్రతినిధి మకినో పలచన చేసుకుంటూ వచ్చారు. మజ్జిగలో నీళ్లు పోసినట్టు పోసి, చివరికి నీళ్లే మిగిలాక ఇచ్చినా తాగలేదు. అంత పలచటి వాక్యానికే హ్యూస్ ఎందుకు ఉలిక్కిపడ్డాడు? వాక్యంలో లేనిది గదిలో ఉంది కాబట్టి.

పాత_చాక్‌పీస్
గదిలో ఉందన్నది ఊహ. కాగితం మీద ఉన్నది ఆధారం. మీ జపాన్ సంగతి కూడా చూద్దాం. పారిస్‌లో సమానత్వం అడుగుతున్న ఆ వారాల్లోనే తన పాలనలో ఉన్న కొరియాలో స్వాతంత్ర్యం కోరిన మార్చి 1 ఉద్యమం మీద జపాన్ సైన్యం తూటాలు పేల్చింది. దీనికేమంటారు?

తీరరేఖ
"మీ జపాన్" ఏంటండీ? జపాన్ మంచిదని నేనెక్కడన్నాను? కొరియా తరఫున కిమ్ క్యూసిక్ పారిస్ దాకా వెళ్లారు, తలుపు లోపలికి రానివ్వలేదు. భారత్ తరఫున బికనేర్ మహారాజు, లార్డ్ సిన్హా లోపల కూర్చున్నారు, మహారాజు సంతకం కూడా పెట్టారు, దేశం మాత్రం బ్రిటన్‌ది. ఎవరు దేశం, ఎవరు కాదు అన్నది ముందే తేల్చేసి, ఆ తర్వాత దేశాల మధ్య శక్తి లెక్కలు వేస్తున్నారు. నా అభ్యంతరం అక్కడ.

మెల్‌బోర్న్_మావయ్య
నేనుండేది హ్యూస్ గారి దేశంలోనే. 1901 వలసల చట్టం కింద ఇక్కడికొచ్చేవాడికి ఏదో ఒక ఐరోపా భాషలో 50 పదాలు డిక్టేషన్ చెప్పేవాళ్లు, తప్పితే వెనక్కి. నేనొచ్చేసరికి అది లేదులెండి. కానీ 2009లో నా పూర్తి పేరుతో ఒక కంపెనీకి మూడుసార్లు రెజ్యూమె పంపితే ఉలుకూ పలుకూ లేదు. నాలుగోసారి "క్రిస్" అని పంపాను, గురువారానికి ఫోన్ వచ్చింది. అదే రెజ్యూమె, అదే ఫాంటు.

పాత_చాక్‌పీస్
బాధాకరం. కానీ ఇది అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతం కాదు, హెచ్‌ఆర్ సమస్య.

మెల్‌బోర్న్_మావయ్య
అవునండీ, మాకు జరిగేవన్నీ హెచ్‌ఆర్ సమస్యలే.

తీరరేఖ
ఇదిగో, ఇందుకే ఒళ్లు మండుతుంది. శక్తి అంటే సిద్ధాంతం, అవమానం అంటే సొంత గొడవ. ఈ గీత ఎవరు గీశారు?

పాత_చాక్‌పీస్
ఒళ్లు మండితే మండనివ్వమ్మా. మోర్గెంథావ్ యూదుడు, హిట్లర్ వల్ల సొంత దేశానికి దూరమైనవాడు. అమెరికాలో కూర్చుని వియత్నాం యుద్ధం తప్పని బహిరంగంగా వాదించాడు. జాతి పేరుతో వెళ్లగొట్టబడ్డవాడికి జాతి తెలియదంటావా?

తీరరేఖ
తెలుసు. తెలిసింది మన సిలబస్‌లోకి రాలేదు, ఆయన రాసిన రియలిజం ఆరు సూత్రాలు మాత్రమే వచ్చాయి.

పాత_చాక్‌పీస్
సరే, విను. 38 ఏళ్లు పాఠం చెప్పాను. ఒకప్పుడు ఒక విదేశీ యూనివర్సిటీలో సెమినార్‌కి వెళ్తే, పేపరు చదివి దిగాక ఒకాయన వచ్చి నా ఇంగ్లీషు "ఆశ్చర్యంగా" బాగుందన్నాడు. పేపర్లో ఏముందో ఒక్కడూ అడగలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా చెప్పలేదు. అది చెప్పుకుంటూ కూర్చుంటే ఏమొస్తుంది? నా పిల్లలు "మనకి అన్యాయం జరిగింది" అని ఇరవై పేజీలు రాస్తారు, "ఇప్పుడేం చేయాలి" అంటే పెన్ను ఆగిపోతుంది. ప్రాచీన గ్రీసులో ఏథెన్స్ మీదికొస్తే బలం లేకుండా న్యాయం అడిగిన మీలోస్ ద్వీపానికి ఏమైంది? మగవాళ్లని చంపేశారు, ఆడవాళ్లని, పిల్లల్ని బానిసలుగా అమ్మేశారు. నేను నేర్పాలనుకున్నది అది.

తీరరేఖ
ఆ మీలోస్ కథ కూడా మనకి చెప్పింది ఏథెన్స్ మనిషే మాస్టారూ.
(ఆ సెమినార్ సంగతి ముందే చెప్పుంటే ఇంత గొడవ పడేదాన్ని కాదు. అయినా ఒప్పుకోను. మీరు ఇంట్లో చెప్పకపోవడం ఒక జవాబు అయితే, మావయ్యగారు ఇక్కడ చెప్పడం ఇంకో జవాబు. రెండోదానికి సున్నా వేయకండి.)

పాత_చాక్‌పీస్
సున్నా వేయలేదు. 4 వేశారు. అది కూడా నేను కాదు.

రెండో_అటెంప్ట్
పెద్దలందరికీ నమస్కారం. చివరికి ఆ వాక్యంలో "దేశాల" అని రాయాలా, "జాతుల" అని రాయాలా?

హైవే65
నానాజాతి సమితిలో జాతి అంటే దేశమే కదా బ్రో

తీరరేఖ
అదే కదా తమాషా. మన భాషలో రెండింటికీ ఒకటే మాట. హ్యూస్ కూడా ఆ వాక్యాన్ని అలాగే చదివాడు.

పాత_చాక్‌పీస్
నాయనా, పరీక్ష ఏ మీడియంలో రాశావు?

రెండో_అటెంప్ట్
తెలుగు మాస్టారూ.

పాత_చాక్‌పీస్
అయితే దిద్దినవాడికి తెలుగు వచ్చో రాదో ముందు కనుక్కో.