స్కూలు మూడుంబావుకి, ఆఫీసు ఐదున్నరకి: రీడింగ్‌కి కొత్తగా వచ్చాం, సలహా కావాలి

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊరికి వచ్చాం. నాది స్కిల్డ్ వర్కర్ వీసా (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా), మా ఆయన నా మీద డిపెండెంట్, వేర్‌హౌస్‌లో షిఫ్టులు చేస్తున్నారు. పాపకి నాలుగేళ్ళు, సెప్టెంబర్‌లో రిసెప్షన్ (ఇక్కడి స్కూల్లో మొదటి క్లాసు) మొదలు. స్కూలు మూడుంబావుకి వదిలేస్తారు, నా ఆఫీసు ఐదున్నర దాకా. చూసుకోవడానికి ఇక్కడ అమ్మ, అత్తయ్య ఎవరూ లేరు. చేరి మూడు నెలలే, ఇప్పుడే టైమింగ్స్ మార్చమంటే ఏమనుకుంటారో అని టెన్షన్. వారానికి నాలుగు రోజులకి తగ్గించుకోనా?

లీడ్స్ నుంచి:

చెల్లీ, నాలుగు రోజుల మాట మేనేజర్‌తో ఇంకా అనలేదు కదా? అనకు. గంటలతో పాటు జీతమూ తగ్గుతుంది. నీ వీసాకి కనీస జీతం 2025 జూలై నుంచి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లు, చేసే పనిని బట్టి ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. పార్ట్‌టైమ్ అని ఆ అంకెని తగ్గించరు. 50,000 వచ్చేవాళ్ళు నాలుగు రోజులకి మారితే జీతం 40,000 లెక్క, వీసాకే ఎసరు. నీకున్న దారి గంటలు తగ్గించుకోవడం కాదు, జరుపుకోవడం.

అడగడానికి మాత్రం మొహమాటపడకు. ఇదివరకు 26 వారాలు ఆగాల్సి వచ్చేది. 2024 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో చేరిన మొదటి రోజు నుంచే టైమింగ్స్ మార్చమని అడిగే హక్కుంది, పన్నెండు నెలల్లో రెండుసార్లు. నువ్వు గడువు పెంచడానికి ఒప్పుకుంటే తప్ప వాళ్ళు రెండు నెలల్లో తేల్చాలి. నీతో మాట్లాడకుండా కాదనకూడదు, కాదంటే చట్టంలో ఉన్న ఎనిమిది కారణాల్లో ఏదో ఒకటి చూపించాలి.

మనవాళ్ళు చాలామంది కాఫీ దగ్గర అడుగుతారు, మేనేజర్ "చూద్దాం" అంటాడు, అది అక్కడే ఉండిపోతుంది. మెయిల్ పెట్టు. తేదీ వేసి, ఇది చట్టప్రకారం పెడుతున్న ఫ్లెక్సిబుల్ వర్కింగ్ రిక్వెస్ట్ అని రాయి. ఏ టైమింగ్స్ కావాలో, ఎప్పటినుంచో, ఇంతకుముందు పెట్టావో లేదో కూడా చెప్పు. నీ మార్పు వల్ల టీమ్‌కి ఏమవుతుందో ఇప్పుడు రాయక్కర్లేదు, కానీ నువ్వు రాయి. హైదరాబాద్ టీమ్‌తో పని ఉంటే ఏడున్నరకే మొదలుపెడతానని చెప్పు. అప్పుడు అక్కడ ఎండాకాలంలో పన్నెండు, చలికాలంలో ఒంటిగంట. తొమ్మిదిన్నరకి లాగిన్ అయ్యేవాళ్ళ కంటే నీకు వాళ్ళతో రెండు గంటలు ఎక్కువ దొరుకుతాయి. మూడుకి ఆపి పాపని తెచ్చుకో, మిగిలిన పని సాయంత్రం ఇంట్లో కూర్చుని పూర్తిచెయ్యి.

ముందు మూడు నెలలు ట్రయల్ అడుగు. అలా రాసుకోకపోతే కాంట్రాక్టే మారిపోతుంది, పాత టైమింగ్స్‌కి రావాలంటే మళ్ళీ వాళ్ళు ఒప్పుకోవాలి.

స్లౌ నుంచి:

అక్కయ్యగారి మాటకి ఒకటి కలుపుతాను. ఎవరో ఒకరు గంటలు తగ్గించుకోక తప్పకపోతే మీ ఆయన తగ్గించుకోవాలి. డిపెండెంట్ వీసాకి జీతం షరతు లేదు. పిల్లల విషయం రాగానే మన ఇళ్ళల్లో భార్య ఉద్యోగం గురించే మాట మొదలవుతుంది, అది నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. మా ఇంట్లో స్కూలు గేటు దగ్గర నిలబడేది నేనే. మీ ఆయన కంపెనీ ఉద్యోగా, ఏజెన్సీ ద్వారానా?

రీడింగ్ నుంచి:

ఏజెన్సీ ద్వారానే అన్నయ్యా. నాలుగు రోజుల ఆలోచన మానేశాను, మెయిల్ రాస్తున్నాను అక్కా. మరి పాపకి జ్వరం వస్తే? సెలవులప్పుడు?

స్లౌ నుంచి:

ఏజెన్సీ వాళ్ళకి మామూలుగా టైమింగ్స్ మార్చమని అడిగే ఈ హక్కు వర్తించదు. అయినా పొద్దున పాపని దింపగలిగే షిఫ్టులే ఇమ్మని ఏజెన్సీని అడగమనండి. పాపకి జ్వరమొస్తే మీకు అత్యవసర సెలవు హక్కు మొదటి రోజు నుంచే ఉంది. జీతం ఇవ్వాలన్న నియమం లేదు, సాధారణంగా ఒకట్రెండు రోజులే. ఆఫీసుకి వీలైనంత త్వరగా చెప్పాలి.

స్కూలు సెలవులు ఏడాదికి దాదాపు 13 వారాలు. ఫుల్‌టైమ్ వాళ్ళకి చట్టప్రకారం వచ్చే సెలవులు కనీసం 28 రోజులు, అందులో బ్యాంక్ హాలిడేలు (ఇక్కడి పబ్లిక్ సెలవులు) కూడా కంపెనీ కలిపేసుకోవచ్చు. ఇండియా ట్రిప్‌కి అన్నీ ఒకేసారి వాడేస్తే అక్టోబర్ హాఫ్ టర్మ్‌లో (టర్మ్ మధ్యలో వచ్చే స్కూలు సెలవుల్లో) ఇంట్లో ఎవరూ ఉండరు. ఇద్దరూ విడివిడిగా పెట్టుకోండి. ఇండియా వెళ్ళి అక్కడినుంచే పనిచేద్దామనుకుంటే హెచ్‌ఆర్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే టికెట్లు కొనండి. మీ స్కూల్లో బ్రేక్‌ఫాస్ట్ క్లబ్, ఆఫ్టర్ స్కూల్ క్లబ్ (స్కూలుకి ముందు, తర్వాత పిల్లల్ని చూసుకునేవి) ఉన్నాయేమో ఈ వారమే కనుక్కోండి, సీట్లు త్వరగా నిండిపోతాయి.