అప్‌డేట్: పీడీఎఫ్‌లో డబ్బాలు పోయాయి, ఒత్తులూ కుదిరాయి

పైథాన్ ప్రోగ్రామ్‌తో ఆటోమేటిక్‌గా తయారయ్యే రసీదుల పీడీఎఫ్‌లో తెలుగు పేర్ల బదులు నల్ల డబ్బాలు వస్తున్నాయని అడిగాను కదా. ఇప్పుడు సరిగ్గా వస్తున్నాయి. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

డబ్బాలకు కారణం మీరు చెప్పిందే. పీడీఎఫ్‌తో మామూలుగా వచ్చే 14 ఫాంట్లలో (హెల్వెటికా, టైమ్స్, కొరియర్ వగైరా) తెలుగు అక్షరాలే ఉండవు. నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్ ఫైల్‌ని (టీటీఎఫ్) ప్రోగ్రామ్‌లో రిజిస్టర్ చేయగానే అక్షరాలు కనిపించాయి. కానీ అసలు తలనొప్పి అక్కడే మొదలైంది. ‘లక్ష్మి’ అన్న పేరు ‘లక్‌ష్‌మి’ అని విడివిడిగా పడింది! ఫాంట్‌లో ఒత్తులున్నా సరిపోదు, వాటిని కలిపి పేర్చే షేపింగ్ పని ఎవరో ఒకరు చేయాలి. పీడీఎఫ్ తయారీకి నేను వాడుతున్న పాత వెర్షన్ లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) ఆ పని చేయదు, ఒక్కో అక్షరం కోడ్‌కి ఒక్కో బొమ్మ పెట్టేసి ఊరుకుంటుంది.

అందుకే ఎఫ్‌పీడీఎఫ్2 అనే ఇంకో పైథాన్ లైబ్రరీకి మారాను. ఫాంట్‌ని చేర్చే యాడ్_ఫాంట్ తర్వాత సెట్_టెక్స్ట్_షేపింగ్‌ని ట్రూ చేయాలి, షేపింగ్ పని చేసే యూహార్ఫ్‌బజ్ ప్యాకేజీ విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అంతే. బోల్డ్ కావాలంటే బోల్డ్ ఫైల్‌ని కూడా వేరుగా యాడ్ చేయాలి, దానంతట అది లావెక్కదు. ఫైల్ సైజు గురించి టెన్షన్ అక్కర్లేదు, ఫాంట్‌లో మనం వాడిన అక్షరాలనే లైబ్రరీ పీడీఎఫ్ లోపల పొదుగుతుంది. ఫాంట్‌ది ఓపెన్ లైసెన్స్ కాబట్టి ఆ గొడవా లేదు.

ఒక్కటి మిగిలింది: పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే కొన్ని గుణింతాలు అటూ ఇటూ అవుతున్నాయి. ప్రింట్‌కి ఇబ్బంది లేదు గానీ, వెతకడానికి పనికిరావట్లేదు. దీనికి దారి తెలిసినవాళ్లుంటే చెప్పండి.