హైపోనా, హైపరా? అమ్మ థైరాయిడ్ రిపోర్టు దగ్గర ఆగిపోయాం

ఏలూరు_అమ్మాయి:
అమ్మకి రెండు నెలలుగా ఒకటే నీరసం, జుట్టు ఊడిపోతోంది. టెస్టులో టీఎస్‌హెచ్ 11.8, పక్కనే 'హై' అని ఉంది. హై కదా, హైపర్ థైరాయిడ్ అయ్యుంటుందనుకుని చదివితే బరువు తగ్గుతారట. అమ్మేమో ఆరు కిలోలు పెరిగింది! డాక్టరు గారి చీటీలో 'హైపో' అని ఉంది. ఇందులో ఎవరిది తప్పు?

ల్యాబ్_అన్న:
ఎవరిదీ కాదమ్మా. మా కౌంటర్ దగ్గర రోజూ అడిగే ప్రశ్నే ఇది. టీఎస్‌హెచ్ అనే హార్మోను థైరాయిడ్‌లోంచి రాదు, మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి వదులుతుంది. కట్టెల పొయ్యి మందగిస్తే ఊదుగొట్టంతో గట్టిగా ఊదుతాం కదా, అలాగే థైరాయిడ్ మందగించినప్పుడు పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది. ఊదడం ఎక్కువైందంటే మంట తగ్గిందనే, అదే హైపో. హైపర్‌లో, అంటే థైరాయిడ్ అతిగా పనిచేస్తే, దీనికి తలకిందులు, టీఎస్‌హెచ్ బాగా పడిపోతుంది. రిపోర్టులో టీ4, అంటే థైరాయిడ్ వదిలే హార్మోను, ఉందేమో చూడు.

గోదారి_గట్టు:
నా అనుభవం షుగర్‌తో. నాన్నకి ఇన్సులిన్. ఒక రాత్రి తమ్ముడు ఫోన్ చేసి "నాన్నకి హైపో, చెమటలు కారిపోతున్నాయి, చేతులు వణుకుతున్నాయి" అన్నాడు. కంగారులో నాకు హైపర్ అని వినపడింది. "తీపి ఏదీ పెట్టొద్దు" అని గట్టిగా చెప్పాను. మీటర్‌లో 52 ఉందని వాడు చెప్పాక గానీ నాకు తెలిసిరాలేదు. వెంటనే పంచదార నీళ్లు తాగించాడు. ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. 70 కంటే దిగితే హైపో. 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మా ఇంట్లో ఇప్పుడు ఆ రెండు మాటలూ వాడం. "షుగర్ పడిపోయింది", "షుగర్ పెరిగింది", అంతే.

లండన్_బాబాయ్:
రెండూ గ్రీకు నుంచి వచ్చినవే. హైపో అంటే కింద, హైపర్ అంటే మీద. చర్మం కిందకి గుచ్చే సూదిని హైపోడెర్మిక్ అనేది అందుకే. ఇక్కడివాళ్లు 'ర్' మింగేస్తారు, హైపర్‌టెన్షన్ (బీపీ ఎక్కువ) కాస్తా 'హైపటెన్షన్' అని, ఇంచుమించు హైపోటెన్షన్ (బీపీ తక్కువ) లాగే వినపడుతుంది. బీపీ ఎక్కువా తక్కువా అని నేను మొహమాటపడకుండా మళ్లీ అడుగుతాను. ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కూడా జనానికి హైపో బదులు 'అండర్‌యాక్టివ్ థైరాయిడ్' (మందగించిన థైరాయిడ్) అనే రాస్తుంది.

ఏలూరు_అమ్మాయి:
చూశానన్నా, టీ4 కింది హద్దు కంటే తక్కువే ఉంది. ఇప్పుడు అర్థమైంది. మరి అమ్మ థైరాయిడ్ మాత్ర కాఫీతో వేసుకుంటోంది, పర్లేదా?

ల్యాబ్_అన్న:
వద్దమ్మా, మందు సరిగా ఒంటబట్టదు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట ఆగాకే కాఫీ. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ మళ్లీ చేయిస్తారు, ఈ రిపోర్టు దాచిపెట్టు.